గురి ముందు, దూరం తర్వాత: డీఆర్‌డీవో అధ్యక్షులకు బహిరంగ లేఖ

రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ అధ్యక్షుల వారికి,


2020 నవంబరు 24న అండమాన్, నికోబార్ దీవుల్లో సైన్యం బ్రహ్మోస్ క్షిపణిని పరీక్షించింది. ఒక దీవి నుంచి వదిలితే అది వెళ్లి ఇంకో దీవిలో పెట్టిన లక్ష్యాన్ని తాకింది. బ్రహ్మోస్ భాగాలను ఒకచోట చేర్చి క్షిపణిగా కూర్చే కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 సెప్టెంబరు నుంచి శ్రీవిజయపురంగా మారిన ఊళ్లో, విమానాశ్రయం పక్కనే ఉంటుంది లంబాలైన్. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తరాల కిందట ఓడెక్కి వచ్చిన తెలుగు కుటుంబాలున్న ఊరు కాబట్టి ఆ వార్త ఇక్కడివాళ్లకు రెండు వైపులా సొంతమే. పుట్టింటివాళ్లు చేశారు, మెట్టినింట్లో పేల్చారు.

ఆ క్షిపణి గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ దీవుల్లో అడవిలోకి నడిచి వెళ్లే పదాతి దళం వెంట మోసుకెళ్లే ఆయుధం గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది 81 మిల్లీమీటర్ల మోర్టార్. గొట్టం ఒకరు, నేల మీద ఆనే బేస్‌ప్లేట్ ఒకరు, రెండు కాళ్ల బైపాడ్ ఒకరు ఎత్తుకుంటే, నాలుగు కిలోల పైచిలుకు బరువుండే గుండ్లను మిగిలినవాళ్లు పంచుకుంటారు. గుండు సుమారు 5 కిలోమీటర్లు పోతుంది. ఆ దూరాన్ని పెంచడం, ఆ గుండుకు గురి నేర్పడం ఇప్పుడు ప్రపంచమంతా సాగుతున్న పని. ఆ పనిలో మన దేశం దేన్ని ముందు పట్టుకోవాలన్నదే ఈ లేఖలోని విషయం. రాసినవాడు సైనికుడు కాడు. సైన్యాలు, కంపెనీలు బయటపెట్టిన సంగతులూ, బడిలో చదివిన గణితమూ తప్ప ఇందులో రహస్యాలేమీ లేవు.

మోర్టార్ దూరం కథ వందేళ్ల పైనాటిది. 1915లో విల్‌ఫ్రెడ్ స్టోక్స్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు తయారుచేసిన మోర్టార్ గుండుకు రెక్కలు కూడా లేవు. గాల్లో పల్టీలు కొడుతూ ఏడెనిమిది వందల మీటర్లు పోయేది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఫ్రాన్స్‌లో ఎడ్గార్ బ్రాంట్ దానికి నీటిబొట్టు ఆకారం ఇచ్చి, తోకకు రెక్కలు తొడిగి, పేలుడు వాయువు గొట్టం అంచుల వెంట జారిపోకుండా గుండు నడుముకు గాడులు పెట్టాడు. ఈనాటి మోర్టార్లలో చాలావరకు ఆయన గీసిన గీతలోనే నడుస్తున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిష్ 3 అంగుళాల మోర్టార్ 1,600 గజాలే పోయేది. జర్మన్ల 8 సెంటీమీటర్ల మోర్టార్ 2,400 మీటర్లు కొట్టేది. ఆ తేడాకు సిపాయిలు ప్రాణాలతో వెల కట్టాక బ్రిటిష్‌వాళ్లు మందు మార్చి, గొట్టాన్నీ బేస్‌ప్లేట్‌నూ గట్టిపరిచి 2,800 గజాలకు తెచ్చారు. బర్మా అడవుల్లో మన సైనికులు జపాన్ మీద వాడింది ఈ కుటుంబపు మోర్టార్‌నే.

అక్కడి నుంచి దూరం నత్తనడకన పెరిగింది. కారణం గాలి. గాలే లేకపోతే సెకనుకు 300 మీటర్ల వేగంతో 45 డిగ్రీల కోణంలో విసిరిన వస్తువు 9 కిలోమీటర్లు పోవాలి. 81 మిల్లీమీటర్ల గుండు విషయంలో అందులో దాదాపు సగాన్ని గాలి మింగేస్తుంది. వేగం ఇంకా పెంచుదామంటే ధ్వని వేగం అడ్డొస్తుంది. సెకనుకు 340 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి గాలి నిరోధం ఒక్కసారిగా ఎగబాకుతుంది. పోసిన మందులో చాలా భాగం ఆ గోడను నెట్టడానికే ఖర్చయిపోతుంది. పైగా వేగం పెంచినకొద్దీ వెనక్కి కొట్టే దెబ్బ బేస్‌ప్లేట్ మీద, నేల మీద పడుతుంది. అందుకే ఇంజినీర్లు వేరే దారులు పట్టారు. ఫ్రెంచివాళ్ల 120 మిల్లీమీటర్ల గాడుల గొట్టపు మోర్టార్ మామూలు గుండును 8 కిలోమీటర్లకు పంపితే, తోకలో చిన్న రాకెట్ ఉన్న గుండును 13 కిలోమీటర్లకు పంపుతుంది. గొట్టం దాటాక రెక్కలు విచ్చుకుని గాల్లో తేలుతూ జారే 81 మిల్లీమీటర్ల గుండును అమెరికా నౌకాదళ ప్రయోగశాల పరీక్షించింది.

చదవడానికి బాగానే ఉంటుంది. కానీ దూరం పెరిగితే గుండ్లు చెదరడం కూడా పెరుగుతుంది. గుండు గాల్లో ఉండే ప్రతి అదనపు సెకనూ గాలివాటానికి లొంగే సెకనే. రాకెట్ ఒక పిసరు వంకరగా మండినా, మందు ఉష్ణోగ్రతలో తేడా వచ్చినా చివర్లో అది పదుల మీటర్లుగా కనిపిస్తుంది. గురి తెలియని గుండును ఇంకా దూరం పంపడమంటే తప్పును ఇంకా దూరం పంపడమే.

అమెరికా సైన్యం బయటపెట్టిన మూడు అంకెలు ఈ విషయంలో కళ్లు తెరిపిస్తాయి. వంద గుండ్లు వేస్తే అందులో యాభై పడే వలయపు వ్యాసార్ధాన్ని కొలతగా తీసుకుంటారు. పాత పద్ధతిలో వేసిన 120 మిల్లీమీటర్ల గుండుకు చివరి దూరంలో ఆ వ్యాసార్ధం 136 మీటర్లు. మోర్టార్‌కు దిక్కు, ఎత్తు, తానున్న చోటు కచ్చితంగా చెప్పే కంప్యూటర్ తగిలిస్తే 76 మీటర్లు. ఉపగ్రహ సంకేతాలతో దారి సరిచేసుకునే గుండుకు 10 మీటర్ల లోపు. గమనించండి: 136 నుంచి 76కు రావడంలో గుండును ఎవరూ ముట్టుకోలేదు. మారిందల్లా గొట్టం తన సంగతి తాను తెలుసుకోవడం.

బంకర్‌ను ధ్వంసం చేయాలంటే గుండు దాని నడిబొడ్డు నుంచి పది మీటర్ల లోపల పడాలని అనుకుందాం. 136 మీటర్ల వలయంతో గుడ్డిగా వేస్తే సగటున 260కి పైగా గుండ్లకు ఒకటి అలా పడుతుంది. 76 మీటర్లతో 80కి పైగా గుండ్లకు ఒకటి. పది మీటర్లతో రెండింటికి ఒకటి. నిజానికి గన్నర్లు మొదటి గుండు పడ్డ చోటు చూసి సరిదిద్దుకుంటారు కాబట్టి ఇన్ని అక్కర్లేదు. ఆరుబయట ఉన్నవాళ్ల మీదైతే 120 మిల్లీమీటర్ల గుండు పది మీటర్లు అటూ ఇటూ అయినా పని చేసేస్తుంది. అయినా ఆ 260 గుండ్లను ఒక్కొక్కటి 13 కిలోలుగా తూకం వేయండి. మూడున్నర టన్నుల దాకా తేలుతుంది.

దీవివాళ్లకు ఆ బరువు లెక్క తొందరగా బుర్రకెక్కుతుంది. ఇక్కడ బియ్యం, ఉల్లిపాయ, సిమెంటు, మందుబిళ్ల అన్నీ చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నాల నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి వస్తాయి. తుఫాను పట్టి ఓడ ఆగితే కూరగాయల ధర ఏమవుతుందో జంగ్లీఘాట్ బజారులో ఎవరిని అడిగినా చెబుతారు. మందుగుండూ ఆ దారినే రావాలి. కార్గిల్‌లో 1999లో మన ఫిరంగులు, మోర్టార్లు, రాకెట్లు కలిపి సుమారు రెండున్నర లక్షల గుండ్లు పేల్చాయి. అక్కడ కొండదారి ఉంది, లారీలున్నాయి. ఇక్కడ ఒక చిన్న దీవి మీద దిగిన దళానికి వెనక ఉండేది పడవ, హెలికాప్టర్ మాత్రమే. అందుకే ఈ దీవులకు సంబంధించినంతవరకు గురిపెట్టే మోర్టార్ గుండు విలాసం కాదు. దాని అసలు లాభం శత్రువుకు చేసే నష్టంలో కంటే మనం మోయకుండా మిగిలే బరువులో ఉంది.

మరి ఎలాంటి గుండు? ఇక్కడ పక్కవాళ్ల చరిత్ర చూసుకోవడం మంచిది.

సోవియట్ సైన్యం 1980ల నడుమ అఫ్గానిస్తాన్‌లోని పంజ్‌షీర్ లోయలో 240 మిల్లీమీటర్ల భారీ మోర్టార్‌తో లేజర్ వెలుగును పట్టుకుని దిగే స్మెల్చాక్ గుండును వాడింది. ఒక్కో గుండు 130 కిలోల పైమాట. కొండ గుహల మీద బాగా పనిచేసిందన్నారు. కానీ ఎవరో ఒకరు దగ్గర్లో నిలబడి లక్ష్యం మీద లేజర్ వెలుగు వేసి పట్టుకోవాలి. స్వీడన్ దారి వేరు. 1990లలో సైన్యంలోకి వచ్చిన 120 మిల్లీమీటర్ల స్ట్రిక్స్ గుండు ముక్కులో వేడిని చూసే కన్ను ఉంటుంది. నడుము చుట్టూ ఉన్న 12 చిన్న రాకెట్లు పేలి దాన్ని ట్యాంకు నెత్తి మీదికి నెడతాయి. అద్భుతమైన పనితనం. కొన్నవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. బ్రిటన్ 81 మిల్లీమీటర్ల మెర్లిన్‌లో ఏకంగా మిల్లీమీటర్ తరంగాల రాడార్ ఇరికించింది. కింద 300 మీటర్ల చతురస్రంలో కదిలే వాహనాన్ని అదే వెతుక్కోవాలి. గుప్పెడంత జాగాలో, గురుత్వ త్వరణానికి వేల రెట్లుండే దెబ్బకు తట్టుకునే రాడార్ అన్నమాట. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసి ఎదురొచ్చే ట్యాంకుల వరస కనుమరుగయ్యాక ఆ పథకం అటకెక్కింది.

అమెరికా కూడా మొదట లేజర్ గుండు వైపే వెళ్లి ఏళ్లు గడిపింది. చివరికి గెలిచింది చాలా మామూలు ఆలోచన. ఉన్న 120 మిల్లీమీటర్ల గుండు ముక్కు నుంచి దాన్ని పేల్చే ఫ్యూజును విప్పి, దాని చోట ఉపగ్రహ రిసీవర్, చిన్న రెక్కలు, ఫ్యూజు మూడూ కలిసిన కిట్టును బిగించారు. ఫిరంగి గుండ్ల కోసం చేసిన ఇలాంటి కిట్టు నుంచే ఇది పుట్టింది. 2011 మార్చిలో అఫ్గానిస్తాన్‌లో సైనికుల చేతికి అందింది. పది మీటర్లు అడిగితే చాలాసార్లు అంతకంటే దగ్గరే పడింది. తాకగానే పేలడం, నేలకు కాస్త ఎత్తున పేలడం, లోపలికి దిగాక పేలడం అనే మూడు పద్ధతుల్లో ఏది కావాలో వేసేముందు ఎంచుకోవచ్చు.

ఈ లేఖ అడిగేది ఆ దారినే. కొత్త గుండు వద్దు. ఉన్న గుండుకు కొత్త ముక్కు కావాలి.

దీనికి కావాల్సిన చేతులన్నీ మీ సంస్థ చుట్టూనే ఉన్నాయి. హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్, పుణెలోని ఆయుధ ప్రయోగశాల ఏఆర్‌డీఈ కలిసి పినాక రాకెట్‌కు మార్గనిర్దేశక కిట్టు తొడిగాయి. 2017 జనవరిలో చాందీపూర్‌లో పరీక్షించినప్పుడు ఆ రాకెట్‌కు గురీ కుదిరింది, దూరమూ 70 కిలోమీటర్ల పైకి పెరిగింది. ఈసీఐఎల్ ఫిరంగి గుండ్లకు ఎలక్ట్రానిక్ ఫ్యూజులు చేసిన సంస్థ. హెచ్‌బీఎల్ క్షిపణులకు పనికొచ్చే థర్మల్ బ్యాటరీలు చేస్తుంది. కంచన్‌బాగ్‌లో క్షిపణులు చేసే బీడీఎల్, ప్రత్యేక లోహాలు చేసే మిధాని పక్కపక్కనే ఉన్నాయి. ఎద్దుమైలారం ఫ్యాక్టరీ బీఎంపీ బండి మీద 81 మిల్లీమీటర్ల మోర్టార్ ఎక్కించి, 108 గుండ్లు మోసే వాహనం కూడా తయారుచేసింది. ఫ్యూజు, బ్యాటరీ, లోహం, మార్గనిర్దేశం అన్నీ ఒకే నగరంలో ఉన్నాయి. లేనిదల్లా వీటన్నిటినీ మోర్టార్ గొట్టంలో పట్టేంత చిన్నగా కూర్చమని అడిగేవాళ్లు.

చిన్నగా చేయడం తేలిక కాదు. పినాక రాకెట్ నెమ్మదిగా వేగం పుంజుకుంటుంది. మోర్టార్ గుండు గొట్టం దాటేలోపే మొత్తం వేగం అందుకుంటుంది. ఆ దెబ్బకు సోల్డరు ఊడకుండా, క్రిస్టల్ పగలకుండా ఉండాలి. మరుక్షణం గాల్లో ఉపగ్రహాలను పట్టుకోవాలి. గుండు గాల్లో ఉండేది అర నిమిషమో, నలభై సెకన్లో. అందులో ఆలోచించుకునే వ్యవధి ఇంకా తక్కువ.

ఇంతవరకూ చెప్పింది మీకు తెలియనిది కాదు. ఇక ఇక్కడి సంగతులు.

ఫిరంగి, మోర్టార్ గుండ్లను పరీక్షించడానికి దేశంలో పేరున్న చోట్లలో రెండు: రాజస్థాన్‌లో పోఖ్రాన్ ఇసుక, ఒడిశాలో చాందీపూర్ తీరం. చాందీపూర్‌లో 1895 నుంచి ఈ పని జరుగుతోంది. ఆటు వేళ సముద్రం కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోయి, పడ్డ గుండ్లను ఏరుకోవడానికి వీలవడమే ఆ చోటు ప్రత్యేకత. రెండూ మంచి చోట్లే. రెండింట్లోనూ ఆకాశం బారగా కనిపిస్తుంది, చెట్టన్నది అడ్డు రాదు.

ఇక్కడ మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ తడుపుతాయి. ఏడాదికి మూడు మీటర్ల ఎత్తు వాన పడుతుంది. రోలు కింద నేల గట్టిగా లేకపోతే దంచినకొద్దీ రోలే కుంగినట్టు, ఈ మట్టిలో బేస్‌ప్లేట్ ఒక్కో గుండుకూ కొంత దిగుతుంది, కొంత పక్కకు ఒరుగుతుంది. ఇందాకటి కంప్యూటర్ లెక్కకు ఆధారమైన దిక్కు, ఎత్తు అక్కడే చెడతాయి. మందు పెంచి దూరం సాధించాలంటే కుంగుడూ పెరుగుతుంది. కాబట్టి అలా దూరం పెంచిన గుండు మొదట ఓడిపోయేది ఇలాంటి నేల మీదే. దారిలో తనను తాను సరిదిద్దుకునే గుండు మాత్రం గొట్టం రెండు డిగ్రీలు ఒరిగినా క్షమించగలదు. గురి ముందు, దూరం తర్వాత అని ఈ లేఖ పట్టుబట్టడానికి మొదటి కారణం ఇదే.

రెండోది అడవి. ఇక్కడి గర్జన్ చెట్లు 40 మీటర్ల ఎత్తు లేస్తాయి, పడౌక్ చెట్లు గొడుగుల్లా కమ్ముకుంటాయి. తాకగానే పేలే ఫ్యూజు కొమ్మల్లోనే పేలుతుంది. ముక్కలు కింద ఉన్నవాళ్ల మీద, ఒక్కోసారి మనవాళ్ల మీదే కురుస్తాయి. 1944లో జర్మనీలోని హ్యూర్ట్‌గెన్ అడవిలో చాలామంది అమెరికన్లను చంపింది ఇలా చెట్ల మీద పేలిన గుండ్లే. ఆలస్యంగా పేలే పద్ధతి ఉండాలి, అది కొమ్మకూ నేలకూ తేడా గుర్తుపట్టాలి. లేజర్ గుండు ఇక్కడ దాదాపు దండగ. ఆకుల కింద ఉన్న లక్ష్యం మీద వెలుగు పడదు, పడినా పైనుంచి వచ్చే గుండుకు కనబడదు.

మూడోది కళ్లకు కనిపించదు. ఉప్పుగాలి, ఎప్పుడూ ఉండే తేమ. మామూలు గుండు గోదాములో ఏళ్లు పడి ఉన్నా పేలుతుంది. సర్క్యూటు బోర్డు ఉన్న ముక్కు అలా పడి ఉంటే ఏమవుతుందో ఇక్కడ సెల్‌ఫోను బాగుచేసే ఏ కొట్టువాడైనా చూపిస్తాడు.

ఉపగ్రహాల మాట వదిలేయలేం. ఉక్రెయిన్‌లో రష్యా సంకేతాలను చెడగొట్టడం మొదలుపెట్టాక అమెరికా పంపిన ఎక్స్‌కాలిబర్ ఫిరంగి గుండ్ల గురి బాగా పడిపోయిందని 2024లో పత్రికలు రాశాయి. మనకు దారి చూపే సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ ఉంది, ఈ దీవులన్నీ దాని నీడలోనే ఉన్నాయి. కానీ నావిక్ ఆరోగ్యం అంతంతమాత్రం. కొన్ని ఉపగ్రహాల్లో అణు గడియారాలు ఆగిపోయాయి. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02, వాల్వు తెరుచుకోక అనుకున్న కక్ష్యకు చేరలేదు. సంకేతం చెడినా కొన్ని సెకన్లపాటు తన కదలికను తానే లెక్కగట్టుకునే జడత్వ సెన్సర్ లేకుండా కిట్టు చేస్తే అది శాంతికాలపు బొమ్మగా మిగిలిపోతుంది.

ఇంతా చెప్పాక ఒక సూటి ప్రశ్న రావాలి. ఇదంతా ఎందుకు, డ్రోన్లు లేవా? నాగ్‌పూర్‌లో తయారైన నాగాస్త్ర-1 ఆత్మాహుతి డ్రోన్లు 2024 జూన్‌లో సైన్యానికి 120 అందాయి. అరగంట సేపు గాల్లో తిరుగుతాయి, కెమెరాతో చూస్తాయి, లక్ష్యం దొరక్కపోతే వెనక్కి దిగుతాయి. ఏ మోర్టార్ గుండూ ఇంత చేయలేదు. ఎండాకాలపు ఎడారిలో డ్రోన్‌కే ఓటు వేయడం న్యాయం. రుతుపవనపు గాలిలో, మబ్బు చెట్ల మీదికి దిగినప్పుడు, రేడియో బంధం తెగినప్పుడు మాత్రం గొట్టంలో జారవిడిచిన గుండు వెళ్లి తీరుతుంది. రెండూ కావాలి. నిజానికి గురి గుండుకు అతిపెద్ద లోటును డ్రోనే తీర్చాలి: లక్ష్యం ఎక్కడుందో పది మీటర్ల లోపల చెప్పడం. గుండు గురి ఎంత బాగున్నా, ఆకుల చాటు నుంచి పరిశీలకుడు చెప్పిన అక్షాంశ రేఖాంశాలు యాభై మీటర్లు తప్పితే అది యాభై మీటర్ల దూరంలోని తప్పు చోట కచ్చితంగా పడుతుంది.

గురి ఒక్కటే పౌరులను కాపాడదని చెప్పే గాజాను కూడా తలుచుకోక తప్పదు. ఇజ్రాయెల్ 2021లో గొప్పగా ప్రకటించిన 120 మిల్లీమీటర్ల ఐరన్ స్టింగ్ గుండు లేజర్‌తోనూ, ఉపగ్రహంతోనూ గురి కుదుర్చుకుంటుంది. పౌరులకు హాని తగ్గిస్తుందని దాని ప్రకటనలోనే రాసుకున్నారు. 2023 అక్టోబరులో తొలిసారి యుద్ధంలో వాడారు. ఆ యుద్ధంలో చనిపోయిన పౌరుల సంఖ్య లోకానికి తెలిసిందే. మరోపక్క గురి లేని గుండ్లు ఏం చేస్తాయో 2025 మేలో పూంఛ్ పట్టణం చూసింది. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన గుండ్లకు అక్కడ పది మందికి పైగా పౌరులు చనిపోయారు. కిట్టు కొనే ఒప్పందంలో, దాన్ని ఎప్పుడు, ఎవరి అనుమతితో, ఇళ్లకు ఎంత దూరంలో వాడాలన్న నియమాలూ ఉండాలని అడగడం మెతకదనం కాదు. జారవాలు, ఓంగీలు వంటి ఆదివాసులు ఉండే అడవుల మాటైతే మరీను. పేలకుండా మిగిలిన గుండు అక్కడ ఎవరి కాలికి తగులుతుందో ఏ పటమూ చెప్పదు.

కాబట్టి అధ్యక్షుల వారికి విన్నపాలు ఇవి. మొదట, ఇప్పుడున్న మోర్టార్లకే దిక్కు చూపే పరికరం, లెక్కగట్టే కంప్యూటర్ విరివిగా అందేలా చూడండి. 136 నుంచి 76కు తెచ్చింది అదే, ఖర్చూ తక్కువ. ఆ తర్వాత 120 మిల్లీమీటర్ల గుండు ముక్కుకు బిగించే కిట్టును ఇమారత్, ఏఆర్‌డీఈ కలిసి చేపట్టాలి. అదే కిట్టును 81 మిల్లీమీటర్ల గుండుకు కుదించడం రెండో అంకం. రాకెట్ తోక, విచ్చుకునే రెక్కలు ఆ పైన చూసుకోవచ్చు. కిట్టు సిద్ధమయ్యాక పోఖ్రాన్, చాందీపూర్‌లతో ఆపకుండా కొన్నింటిని అండమాన్, నికోబార్ కమాండ్ గోదాముల్లో ఒక పూర్తి వానాకాలం ఉంచి, జులైలో, తడి నేల మీద బేస్‌ప్లేట్ పెట్టి, సముద్రంలోకో, జనం లేని దీవి మీదికో వేసి చూడాలి. 2001లో మొదలైన ఈ కమాండ్‌లో సైన్యం, నౌకాదళం, వాయుసేన ఒకే గొడుగు కింద ఉన్నాయి కాబట్టి పడవ నుంచి, హెలికాప్టర్ నుంచి దించిన దళంతోనూ ఆ పరీక్ష చేయించవచ్చు. ఆ ఫలితాల్లో రహస్యమైనవి మీ దగ్గరే ఉంచుకుని, ఎన్ని వేస్తే ఎన్ని పనిచేశాయన్న ఒక్క అంకెను పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ముందు పెట్టండి.

ఇట్లు,
లంబాలైన్ తెలుగువాడొకడు